అదనపు ట్యాంకు పెట్రోలు: ఫ్లోట్ స్విచ్చా, చేత్తో వేసే స్విచ్చా?

బందరురోడ్ కిట్:
విజయవాడలో ఇద్దరు కూర్చునే కిట్ విమానం (భాగాలు తెప్పించుకుని సొంతంగా బిగించుకునేది) కడుతున్నాను. రెక్కలు కింద ఉండే రకం, ఇంజిన్ రోటాక్స్ 912 యూఎల్ఎస్. రెక్కల్లో చెరో 50 లీటర్ల ట్యాంకు. ఇవి కాక సీట్ల వెనక 30 లీటర్ల అదనపు ట్యాంకు పెడుతున్నా. అందులోని పెట్రోలు చిన్న ఎలక్ట్రిక్ పంపుతో ఎడమ ట్యాంకులోకి పంపాలి. ఎడమ ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెడితే మట్టం తగ్గగానే పంపు దానంతటదే ఆన్ అవుతుంది, నిండగానే ఆగుతుంది. పైలట్‌కి టెన్షన్ ఉండదు. మా బావగారేమో మామూలు స్విచ్ చాలంటున్నారు. మీరేమంటారు?

ఆటోనగర్ లేత్:
ఆటోమేటిక్కే పెట్టండి అన్నా. ఇంట్లో మోటారు వేసి మర్చిపోతే డాబా మీద ట్యాంకు పొంగిపోదూ? ఇక్కడా అంతే, ట్యాంకు నిండాక వచ్చిన పెట్రోలంతా ట్యాంకుకి గాలి ఆడే వెంట్ పైపులోంచి బయటికి పోతుంది. గాల్లో పైలట్‌కి వంద పనులుంటాయి. ఫ్లోట్‌కి బ్రాకెట్ కావాలంటే మా షాపులో చేసిస్తాను.

నల్లపాడు:
అసలు ఒక ట్యాంకులోంచి ఇంకోదాంట్లోకి మార్చడం ఎందుకండి? ఇంజిన్‌కి ఏ ట్యాంకు నుంచి పెట్రోలు వెళ్లాలో ఎంచుకునే వాల్వ్ ఉంటుంది కదా, మూడో ట్యాంకుని కూడా ఆ సెలెక్టర్‌కే కలిపేయండి. ఎడమ, కుడి, వెనక, ఆఫ్. పంపు లేదు, ఫ్లోట్ లేదు, పొంగే గొడవ లేదు. వస్తువు తక్కువైతే చెడిపోయేదీ తక్కువే.

గన్నవరం హ్యాంగర్:
నల్లపాడు గారూ, మీ మాట కొట్టిపారేసేది కాదు. కానీ వెనక ట్యాంకు నుంచి ఇంజిన్ నేరుగా తాగుతుంటే, అది ఖాళీ అయిన క్షణాన లైనులోకి గాలి వస్తుంది. తక్కువ ఎత్తులో ఉండగా ఇంజిన్ దగ్గితే సెలెక్టర్ తిప్పి, ఇంజిన్‌కి పెట్రోలు తోసే బూస్ట్ పంపు వేసి, మళ్లీ అందుకునేదాకా టైం ఉండాలి కదా. పెట్రోలు ఎడమ ట్యాంకులోకి మార్చుకుంటే ఆ బాధ లేదు. వెనక ట్యాంకు ఖాళీ అయితే పంపు ఉత్తినే తిరుగుతుంది, ఇంజిన్‌కి ఆ సంగతే తెలియదు.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఆటోమేటిక్ వద్దు. ఫ్లోట్ ఇరుక్కుపోతుందన్న భయం ఒక్కటే కాదు. ట్యాంకు కారుతుంటే ఆ సంగతి మీకు తెలియకుండా చేసేది ఆటోమేటిక్కే.

2001 ఆగస్టులో టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ ఏ330 విమానం సంగతి చదవండి. కుడి ఇంజిన్ దగ్గర ఇంధనం కారుతోంది. తోక ట్యాంకులోది ఆటోమేటిక్‌గా కుడి రెక్కలోకి వచ్చేసింది. దాంతో ఎడమకీ కుడికీ తేడా ఉందన్న హెచ్చరిక ఆలస్యంగా వెలిగింది. వెలిగాక పైలట్లు రెండు వైపుల ఇంధనాన్నీ కలిపే క్రాస్‌ఫీడ్ తెరిచారు, ఎడమ వైపుదీ ఆ లీకులోనే పోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయి, సముద్రం మీద దాదాపు 19 నిమిషాలు గ్లైడ్ చేసి అజోర్స్ దీవుల్లో దిగారు. 306 మందీ బతికారు. అంత పెద్ద విమానంలోనే అలా జరిగింది.

మీ ఎడమ ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ వాల్వ్ సరిగా మూసుకోలేదనుకోండి. మట్టం తగ్గుతుంది, ఫ్లోట్ పంపుని లేపుతుంది, గేజీ కదలకుండా నిలబడి ఉంటుంది. మీరు హాయిగా పోతుంటారు. వెనకున్న 30 లీటర్లూ అయిపోయాక గానీ బయటపడదు. అదే చేత్తో వేసేదైతే, స్విచ్ వేసేముందు గేజీ చూస్తారు, గడియారం చూస్తారు. ‘గంటకి 18 లీటర్లు తాగే ఇంజిన్ ఇంత ఎలా తాగింది?’ అన్న అనుమానం అక్కడే పుడుతుంది.

ఆటోనగర్ లేత్:
లీకు మాట ఒప్పుకుంటా. కానీ స్విచ్ వేసి మర్చిపోయే మనిషికి మీ దగ్గర మందేంటి?

గన్నవరం హ్యాంగర్:
టైమర్. ముందు పంపు ఎంత తోస్తుందో పెట్రోలుతోనే, విమానంలో బిగించాక, నేల మీద కొలవాలి. నిమిషానికి 2 లీటర్లు వస్తే 30 లీటర్లకి 15 నిమిషాలు. స్విచ్ వేస్తే పచ్చ లైటు, 15 నిమిషాలకి దానంతటదే ఆఫ్. మొదలుపెట్టేది మనిషి, ఆపేది టైమర్. ఇంకో నియమం: ఎడమ ట్యాంకు 20 లీటర్ల కంటే దిగాకే స్విచ్ ముట్టుకోవాలి, అప్పుడే మొత్తం 30కీ చోటుంటుంది. ముందు ఎడమతోనే నడిపితే అప్పటికి కుడి ట్యాంకు నిండుగా ఉంటుంది కాబట్టి పంపు పనిచేయకపోయినా వెనక్కి వచ్చేయొచ్చు. స్విచ్ పక్కన ఈ ముక్క తెలుగులో రాసి అంటించండి.

ఎవరూ అడగని విషయం ఒకటుంది. సీటు వెనక ట్యాంకు రెక్కల కంటే ఎత్తులో ఉంది. ఈ చిన్న పంపుల్లో చాలా రకాలు ఆఫ్‌లో ఉన్నా పెట్రోలుని అడ్డుకోవు. పార్కింగ్‌లో రాత్రికి రాత్రే వెనకది ఎడమలోకి దిగి, వెంట్‌లోంచి నేల మీద పడుతుంది. పంపు తర్వాత షటాఫ్ వాల్వ్ తప్పనిసరి. పైపు ఎడమ ట్యాంకులోకి పైనుంచే దిగాలి.

బందరురోడ్ కిట్:
వాల్వ్ సీటు వెనకే పెడితే పైపు పొట్టిగా వస్తుంది. పర్లేదా?

నల్లపాడు:
అది మాత్రం చేయకండి బాబూ. 1997 అక్టోబరులో గాయకుడు జాన్ డెన్వర్ లాంగ్-ఈజెడ్ అనే సొంతంగా కట్టుకునే రకం విమానం కూలి చనిపోయింది అందుకే. డ్రాయింగులో పైలట్ కాళ్ల మధ్య ఉండాల్సిన సెలెక్టర్‌ని, కట్టినవారు ఎడమ భుజం వెనక పెట్టారు. దాన్ని తిప్పాలంటే ఒళ్లంతా వెనక్కి తిరగాలి. బయల్దేరే ముందు పెట్రోలు సరిగా చూసుకోలేదని కూడా దర్యాప్తులో తేలింది. బెల్టు బిగించుకుని కూర్చోండి, కళ్లు మూసుకుని చెయ్యి చాపండి, అందిన చోట పెట్టండి.

గన్నవరం హ్యాంగర్:
నల్లపాడు గారి మాటకి వంద మార్కులు. ఇంకా రెండు మాటలు.

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతుంది. అందుకే ట్రాన్స్‌ఫర్ పంపు ట్యాంకు కింద, దగ్గరగా ఉండాలి. పెట్రోలుని నెట్టాలి గానీ దూరం నుంచి పీల్చకూడదు. బంకులో ఇప్పుడు దొరికేది ఈ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. రోటాక్స్ 912కి ఒప్పుకున్నది ఈ10 వరకే. గీతలున్న గాజు గొట్టంలో కొంచెం నీళ్లు పోసి, పైన పెట్రోలు పోసి ఊపి చూడండి. అడుగున నీటి మట్టం పెరిగితే ఇథనాల్ ఉన్నట్టే. గొట్టాలు, సీలెంట్ దాన్ని తట్టుకుంటాయో లేదో ఆ పెట్రోలులోనే నానబెట్టి చూసుకోవాలి.

రెండోది బరువు. 30 లీటర్లంటే సుమారు 22 కిలోలు, అదీ సీటు వెనక. నిండుగా ఉన్నప్పుడూ, ఖాళీ అయినప్పుడూ విమానం బరువు కేంద్రం (సీజీ) లెక్క హద్దుల్లోనే ఉండాలి.

బందరురోడ్ కిట్:
సరే, ఫ్లోట్ మానేస్తున్నా. టైమర్, వాల్వ్ రెండూ ముందు ప్యానెల్ మీదకే. ఇంకో సందేహం: ఇంజిన్ వాడగా మిగిలిన పెట్రోలు తిరిగొచ్చే రిటర్న్ లైను ఎడమ ట్యాంకులోకి పోతోంది. కుడి నుంచి నడుపుతూ ట్రాన్స్‌ఫర్ కూడా వేస్తే?

గన్నవరం హ్యాంగర్:
రెండు వైపుల నుంచీ ఎడమే నిండుతుంది, పొంగుతుంది. ట్రాన్స్‌ఫర్ జరిగేటప్పుడు సెలెక్టర్ ఎడమ మీదే ఉండాలి. ఇది కూడా ఆ స్టిక్కర్ మీద రాయండి.

ఆటోనగర్ లేత్:
టైమర్ బాక్సుకి బ్రాకెట్ కొలతలు పంపండి అన్నా. దానికి విడిగా ఫ్యూజ్ పెట్టండి, ఇంజిన్ బూస్ట్ పంపు ఫ్యూజ్‌తో కలపొద్దు.