అప్‌డేట్: వెల్డింగ్ అయ్యాక స్టీల్ బంపర్ బోల్టులు కలవని సమస్య తీరింది

కొత్తగా చూస్తున్నవాళ్లకి: నా టయోటా టకోమా ట్రక్కుకి 3/16 అంగుళాల స్టీల్ ప్లేటుతో ముందు బంపర్ సొంతంగా చేస్తున్నా. టాకులు (ముక్కలు కదలకుండా ముందుగా వేసే చిన్న చుక్క వెల్డులు) వేసినప్పుడు చక్కగా కూర్చున్న బ్రాకెట్లు (బంపర్‌ని ట్రక్కు ఫ్రేమ్‌కి బిగించే ముక్కలు), పూర్తి వెల్డింగ్ తర్వాత లోపలికి దగ్గరై ఫ్రేమ్ రంధ్రాలకు అందకుండా పోయాయి.

ఫ్రేమ్ వంగలేదు. ఐమూలగా టేపు పెట్టి చూస్తే రెండు కొలతలూ ఒకటే. వెల్డింగ్ వైరు మార్చమని, ఇంకా మందం ప్లేటు వాడమని కొందరన్నారు గానీ, నా సమస్యకి అసలు కారణం అవి కావు. ట్రైలర్లు చేసే ఓ వెల్డర్‌కి చూపించాను. లోపలివైపు ఈ చివర నుంచి ఆ చివరకి ఏకంగా సాగిన వెల్డు మీద వేలు పెట్టి, "చల్లారుతూ లాగేసింది ఇదే" అన్నాడు.

పనిచేసింది నా ముందు పోస్టు కింద ఇక్కడ ఒకరు చెప్పిన పద్ధతే. బ్రాకెట్లు గ్రైండర్‌తో కోసి తీసి, వాటిని ట్రక్కుకే బిగించి, బంపర్ ఆనించి టాకులు వేశా (ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, మర్చిపోవద్దు). రెండు బ్రాకెట్లు దగ్గరకి రాకుండా వాటి మధ్య యాంగిల్ (L ఆకారపు ఇనుప పట్టీ) ముక్క అడ్డంగా వెల్డ్ చేసి, మొత్తం కిందికి దించి, అంగుళం అంగుళంగా, ఓసారి ఎడమ ఓసారి కుడి, మధ్యలో చల్లారనిస్తూ వెల్డ్ చేశా. మహా విసుగు. పూర్తిగా చల్లబడ్డాకే యాంగిల్ కోసేశా. ఇప్పుడు బోల్టులు చేత్తోనే తిరుగుతున్నాయి.

సాయం చేసిన అందరికీ థాంక్స్. ఇక మిగిలింది పెయింటే.