యోని స్వాబ్ నమూనాలు: ల్యాబ్‌కు చేరేవరకు ఎలా భద్రపరచాలి?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని

నమస్కారం. యోనిలోని సూక్ష్మజీవుల సముదాయాన్ని 16ఎస్ సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియా జాతులను గుర్తుపట్టడానికి వాటి 16ఎస్ జన్యువును చదివే పద్ధతి) ద్వారా అధ్యయనం చేయబోతున్నాను. పాల్గొనే మహిళలు ఇంటివద్ద తామే స్వాబ్ తీసుకుని పంపుతారు. అది మా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు చేరేసరికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. వారు స్వయంగా తీసుకున్న నమూనాపై ఆధారపడవచ్చునా? ఆలోగా స్వాబ్‌ను పొడిగా ఉంచాలా, ద్రావణంలో వేయాలా? కొందరి నమూనాల్లో మెటబొలైట్లను (జీవక్రియల్లో తయారయ్యే చిన్న రసాయనాలను) కూడా కొలవాలని ఉంది.

సమాధానం 1

మొదటి విషయంలో మీరు దిగులుపడనక్కర్లేదు. వైద్యులు తీసిన స్వాబ్‌లనూ మహిళలు స్వయంగా తీసుకున్నవాటినీ పోల్చి 2010లో వెలువడిన అధ్యయనంలో రెండూ చాలావరకు ఒకే చిత్రాన్ని ఇచ్చాయి. అయితే సూచనలు బొమ్మలతో ఉండాలి. ముఖ్యంగా, స్వాబ్ కొన బయటి చర్మానికి తగలకుండా లోపలికి వెళ్లాలని, గోడలకు ఆనేలా కొన్ని సెకన్లు తిప్పాలని, పుల్లను గుర్తు దగ్గర విరిచి మూత బిగించాలని స్పష్టంగా చెప్పండి.

నిల్వ విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. ఏమీస్ వంటి రవాణా మాధ్యమం బ్యాక్టీరియాను బతికించి ఉంచడానికి చేసినది కాబట్టి, గది ఉష్ణోగ్రతలో రెండు రోజులు గడిస్తే కొన్ని జాతులు పెరిగి, కొన్ని తగ్గి, నిష్పత్తులు మారే ప్రమాదం ఉంది. మీ పనికి డీఎన్ఏ స్థిరీకరణ ద్రావణం మేలు. కానీ అందులోని లవణాలు, డిటర్జెంట్లు మెటబొలైట్ల కొలతకు అడ్డు తగులుతాయి. అందువల్ల ఆ కొద్దిమంది నుంచి మరో స్వాబ్‌ను క్లినిక్‌లోనే పొడిగా తీసుకుని, వెంటనే గడ్డకట్టించండి. మొదటి స్వాబ్‌కే ఎక్కువ స్రావం అంటుకోవచ్చు కనుక, ఏది ముందు తీయాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించండి.

సమాధానం 2

పై సలహాతో ఏకీభవిస్తూ రెండు మాటలు చేరుస్తున్నాను. ఇళ్లలోని ఫ్రిజ్‌ల ఫ్రీజర్లు చాలావరకు మంచు పేరుకోకుండా మధ్యమధ్య తామే వేడెక్కుతాయి. పాల్గొనేవారిని అందులో దాచమనడం కన్నా స్థిరీకరణ ద్రావణంలో గది ఉష్ణోగ్రతలో ఉంచమనడమే నయం. ల్యాబ్‌కు చేరాక నమూనాను గడ్డకట్టించకముందే చిన్న భాగాలుగా పంచితే, ప్రతి పరీక్షకూ మొత్తాన్నీ కరిగించే పని తప్పుతుంది.

ఇంకొకటి: నిల్వ ఎంత బాగున్నా, లాక్టోబాసిల్లస్ వంటి మందపాటి కణకవచం గల జాతుల కణాలు డీఎన్ఏ తీసేటప్పుడు సరిగా పగలకపోతే వాటి డీఎన్ఏ తక్కువగా వస్తుంది, పాత 27ఎఫ్ ప్రైమర్ (16ఎస్ జన్యువును నకలు తీయడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్క) వాడితే గార్డ్‌నెరెల్లా అనే యోని బ్యాక్టీరియా వాటా తగ్గి కనిపిస్తుంది. ఆ తేడాను నిల్వ లోపంగా పొరబడతారేమోనని చెబుతున్నాను. ఎవరినీ తాకని ఖాళీ స్వాబ్‌లను కూడా ప్రతి విడతలో అదే ద్రావణంలో వేసి, సీక్వెన్సింగ్ చివరివరకు నడిపించండి; బయటి నుంచి కలిసిన డీఎన్ఏ ఏదో వాటితో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు స్వాబ్‌ల పద్ధతినే ప్రణాళికలో రాస్తున్నాను. ప్రతి ట్యూబుపై సేకరించిన సమయమూ, ఫ్రీజర్‌లో పెట్టిన సమయమూ రెండూ నమోదు చేసేలా లేబుల్‌ను మారుస్తాను.