టెన్నిస్‌లో పదిహేను వేల డాలర్ల టోర్నీల్లోనే ఉండాలా, చాలెంజర్‌కు వెళ్లాలా?

మా తమ్ముడికి పద్దెనిమిదేళ్లు. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో తొలి మెట్టయిన పదిహేను వేల డాలర్ల ప్రైజ్‌మనీ ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీల్లో ఆడుతూ గత ఏడాది ఒకటి గెలిచాడు. దానికి వచ్చిన 15 ఏటీపీ (పురుషుల ప్రపంచ ర్యాంకింగ్) పాయింట్లే ఇప్పుడు వాడి ర్యాంకుకు ఆధారం. చిక్కు ఏమిటంటే, 52 వారాలు నిండగానే అవి జారిపోతాయి. అదే స్థాయిలో మళ్లీ గెలిస్తే ఉన్నచోటే ఉంటాడు, ఓడితే కిందికే.

కోచ్ మాత్రం ఐటీఎఫ్ కంటే పైస్థాయి అయిన చాలెంజర్ టోర్నీల క్వాలిఫయింగ్‌కు, అంటే ప్రధాన పోటీలో చోటు కోసం ఆడే అర్హత మ్యాచ్‌లకు, వెళ్లమంటున్నారు. అక్కడ మొదటి రౌండ్‌లోనే ఓడితే చేతికి దాదాపు ఏమీ రాదు, ప్రయాణ ఖర్చు మాత్రం మీద పడుతుంది. తర్వాత ప్రపంచ నంబర్ వన్ అయిన యానిక్ సిన్నర్ 2019లో పదిహేడేళ్లకే వైల్డ్‌కార్డుతో (నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశంతో) ఇటలీలోని బెర్గామో చాలెంజర్ గెలిచాడని ఆయన పదేపదే చెబుతారు. నిజమే, కానీ అందరూ సిన్నర్లు కారు కదా! పైగా మావాడి రెండో సర్వీసు ఒత్తిడిలో చేతులెత్తేస్తుంది. సర్వీసును బలంగా తిప్పికొట్టేవాడు దాన్ని వదలడు.

ఈ దశ దాటినవారు, దాటించినవారు ఎవరైనా ఉంటే చెప్పండి: పాయింట్లు కాపాడుకోవడం ముఖ్యమా, గట్టివాళ్ల చేతిలో ఓడి నేర్చుకోవడమా? మధ్యలో ఐటీఎఫ్‌లోనే పైమెట్టయిన ఎం25 టోర్నీలతో కొన్ని నెలలు గడిపితే ఫలితం ఉంటుందా? స్కాలర్‌షిప్‌పై అమెరికా కాలేజీ టెన్నిస్‌కు వెళ్లడం గురించీ ఇంట్లో వాదన నడుస్తోంది. ఆ దారిన వెళ్లినవారి అనుభవమూ కావాలి.