గిటారిస్టు బేస్ పట్టుకుంటే పిక్ వదిలేయాలా?

కోస్తాబ్యాండ్ (ప్రశ్న)
చర్చి బ్యాండయినా కాలేజీ బ్యాండయినా గిటారిస్టులు నలుగురుంటారు, బేస్ (మంద్రంగా పలికే నాలుగు తీగల గిటార్) వాయించేవాళ్ళు ఒక్కరూ దొరకరు. చివరికి ఆ నలుగురిలో ఒకరి మెడకు బేస్ తగిలిస్తారు. ఏళ్ళ తరబడి పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళ) వాయించిన చెయ్యి బేస్ మీదా పిక్‌తోనే సాగొచ్చా, లేక కొన్ని నెలలు దాన్ని డ్రాయర్‌లో పడేసి వేళ్ళతోనే మొదలుపెట్టాలా? కారణాలతో చెప్పండి. "నా ఇష్టం", "ఫీల్ బాగుంటుంది" లాంటివి వద్దు.

మంద్రస్థాయి
మూడు నెలలు పక్కన పెట్టాలి. సౌండ్ కోసం కాదు, మ్యూటింగ్ కోసం, అంటే వాయించని తీగలు మోగకుండా ఆపడం కోసం.

గిటార్‌లో అతి లావు తీగ సుమారు 82 హెర్ట్జ్, బేస్‌లో 41. గిటార్ మీద వాయించని తీగ కాస్త మోగినా కార్డ్‌లో (కలిసి మోగే స్వరాల గుంపు) కలిసిపోతుంది. బేస్ మీద (తీగల లెక్క సన్నదాని నుంచి) మూడో తీగ వాయిస్తుండగా పక్కనున్న లావు నాలుగో తీగ తనంతట తాను మోగిందంటే హాలంతా బురద. డ్రమ్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) వినపడదు, పాడేవాళ్ళకు శ్రుతి దొరకదు.

వేళ్ళతో వాయిస్తే దీనికి మందు పద్ధతిలోనే ఉంది. చూపుడు వేలితో రెండో తీగ మీటితే ఆ వేలు వెళ్ళి మూడో తీగ మీద ఆగుతుంది, దాంతో అది మూగబోతుంది. బొటనవేలు నాలుగో తీగ మీద ఆని ఉంటుంది. తీగ మారినప్పుడల్లా బొటనవేలూ వెంట కదలాలి, పికప్ (తీగల కింద ధ్వనిని అందుకునే దిమ్మె) మీద మేకు కొట్టినట్టు ఉండిపోకూడదు. గిటారిస్టులు చేసే పొరపాటు వేలిని పైకి లాగడం. అలా లాగితే పక్క తీగ ఆగదు, పైగా తీగ ఫ్రెట్లకు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలకు) కొట్టుకుని టపటపమంటుంది.

పిక్‌పక్షం
మంద్రస్థాయి గారూ, మీరు చెప్పింది మ్యూటింగ్ గురించి, పిక్ గురించి కాదు. అమెరికా స్టూడియోల్లో పేరుమోసిన బేసిస్టు క్యారల్ కే మొదట గిటారిస్టు. 1963లో ఒక రికార్డింగ్‌కు బేసిస్టు రాకపోతే బేస్ అందుకున్నారు, అప్పటినుంచీ పిక్‌తోనే వాయించారు. పాల్ మెకార్ట్నీ కూడా గిటార్ నుంచే వచ్చాడు. 1961లో అతని బ్యాండ్ బీటిల్స్‌లోని బేసిస్టు తప్పుకుంటే ఆ పని తనమీద పడింది, అతనూ ఎక్కువగా పిక్కే. వేళ్ళవాళ్ళు దేవుడిలా కొలిచే అమెరికన్ బేసిస్టు జేమ్స్ జామర్సన్ వచ్చింది నిలువు బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) నుంచి, అందుకే అతనికి ఒక్క చూపుడు వేలు చాలింది. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో ఆ చెయ్యే తెచ్చుకున్నారు.

ఇక మ్యూటింగ్. క్యారల్ కే బ్రిడ్జికి (తీగలు బేస్ ఒంటి మీద ఆనే చోటు) కాస్త ముందు తీగల మీద ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) ముక్క పెట్టేవారు. జామర్సన్ బ్రిడ్జి కవర్ కింద స్పాంజి ఉండేది. చెప్పుల దుకాణంలో దొరికే మెత్తటి స్పాంజి ముక్క బ్రిడ్జి పక్కన తీగల కింద దూర్చండి, సగం సమస్య తీరుతుంది.

మంద్రస్థాయి
స్పాంజి పెడితే అన్ని పాటలకూ ఒకే పొట్టి స్వరం వస్తుంది. స్లో పాటలో నాలుగు బీట్లు నిలబడాల్సిన నోటు రెండో బీట్‌కే చస్తుంది. అప్పుడు స్పాంజి పీకుతారు, మళ్ళీ బురద మొదలు. ఇంకో సంగతి: బ్రిడ్జి దగ్గర బేస్ తీగల మధ్య ఎడం 19 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, గిటార్‌లో పదిన్నర. అలవాటైన కొలతతో తీగ దాటబోతే పిక్ మధ్యలో ఖాళీలో పడుతుంది.

పిక్‌పక్షం
ఎడం అలవాటు కావడానికి వారం చాలు. స్పాంజి లేకుండానూ మార్గముంది: కుడి అరచేతి అంచు బ్రిడ్జి మీద, ఎడమ చూపుడు వేలి కొన నాలుగో తీగను ముట్టుకుంటూ, అదే వేలి అడుగుభాగం సన్న తీగల మీద పడుకుని. మూడో తీగ నొక్కినప్పుడు ఇలా ఉంటే ఏదీ మోగదు.

పిక్ మాత్రం మార్చండి. స్ట్రమ్మింగ్‌కు వాడే 0.60 మిల్లీమీటర్ల పిక్ బేస్‌లోని అతి లావు తీగ (105 గేజ్) ముందు వంగిపోతుంది, నోటు ఆలస్యంగా పుడుతుంది. ఒక మిల్లీమీటరు గానీ, ఇంకాస్త మందం గానీ తీసుకోండి. వేళ్ళ బయట కొన మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉండాలి.

ఏడోఫ్రెట్
ఇద్దరూ కుడిచేతి దగ్గరే కొట్టుకుంటున్నారు. గిటారిస్టు కొంప ముంచేది ఎడమచెయ్యి.

34 అంగుళాల (మోగే తీగ పొడవు) బేస్ మీద ఒకటో ఫ్రెట్ కమ్మీ నుంచి నాలుగో కమ్మీకి దాదాపు 13 సెంటీమీటర్లు. ఇరవై అయిదున్నర అంగుళాల గిటార్ మీద 9.7. ఫ్రెట్‌కో వేలు చొప్పున పరిచి పట్టుపడితే మణికట్టు నొప్పి ఖాయం. అయిదో ఫ్రెట్ లోపల మూడు ఫ్రెట్లకే చెయ్యి చాపండి: చూపుడు, మధ్య, ఆ పైన ఉంగరం వేలూ చిటికెన వేలూ కలిపి ఒకటిగా. నాలుగో ఫ్రెట్ కావాలంటే చెయ్యే జరపాలి. బొటనవేలు మెడ పైనుంచి కొక్కెంలా వేసే గిటార్ అలవాటు ఇక్కడ పనికిరాదు, మెడ వెనక మధ్య వేలికి ఎదురుగా ఉంచండి. కమ్మీకి ఆనుకుని నొక్కండి. ఫ్రెట్ మధ్యలో నొక్కి బజ్ వస్తోందని ఇంకా గట్టిగా నొక్కేవాళ్ళే ఎక్కువ.

ఆఫ్‌బీట్
అన్నలూ, నోటు ఎప్పుడు ఆగాలో ఎవరూ మాట్లాడరేం? అసలు గిటార్ అలవాటు బయటపడేది అక్కడే. ఆపడానికి వేలు తీగ మీదనుంచి ఎత్తేయకండి, ఎత్తితే ఓపెన్ (నొక్కని) తీగ మోగుతుంది. నొక్కుడు వదలండి, వేలు తీగను అంటుకునే ఉండాలి. మెట్రోనోమ్ 60లో పెట్టి ఒకటో బీట్ మీద మొదలెట్టి సరిగ్గా మూడో బీట్ మీద ఆపడం సాధన చేయండి. చర్చి పాటల్లో 6/8 ఎక్కువ గదా, అక్కడ ఒకటి, నాలుగు మీద కిక్‌తో కలిసి రూట్ నోటు (కార్డ్‌కు పేరిచ్చే స్వరం) వాయించండి, ఐదూ ఆరూ ఖాళీగా వదలండి. గిటారిస్టుకు ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు, అదే జబ్బు.

పిక్ మీద ఒక్క అభ్యంతరం: కింది దెబ్బ బరువు, పై దెబ్బ పలచన. గిటార్‌లో చెల్లిపోతుంది, బేస్‌లో ఎనిమిదో నోట్లు కుంటుతాయి.

పిక్‌పక్షం
ఒప్పుకుంటాను. అందుకే చాలామంది అన్నీ కింది దెబ్బలే వేస్తారు. 140 టెంపోలో నిమిషానికి 280 దెబ్బలు, ముంజేయి బిగుసుకుపోతుంది. పై దెబ్బతో మొదలుపెట్టి రోజూ కాసేపు సాధన చేస్తే సమం అవుతుంది.

మంద్రస్థాయి
వేళ్ళకు ఆ గొడవే లేదు. గట్టిగా పీకకుండా మెల్లగా మీటి ఆంప్ పెంచుకుంటే చాలు. బొబ్బలు వస్తున్నాయంటే బలం ఎక్కువ వాడుతున్నట్టే.

కోస్తాబ్యాండ్
చిన్న చేతులకు 30 అంగుళాల బేస్ తీసుకుంటే ఎడమచేతి గొడవ తగ్గుతుందా? గిటార్ ఆంప్‌లో పెట్టొచ్చా?

ఏడోఫ్రెట్
తగ్గుతుంది, ఆ 13 సెంటీమీటర్లు పదకొండున్నరకు దిగుతుంది. తీగలు మాత్రం షార్ట్ స్కేల్ (పొట్టి బేస్‌కు చేసిన) సెట్టే అడిగి కొనండి. పొడవాటి సెట్ కోసి వేస్తే లావు చుట్టు తీగ బిగించే పెగ్ దాకా వచ్చి వంపులో విరుగుతుంది, లేదా చుట్టు వదులవుతుంది. గిటార్ ఆంప్‌లో ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో ఫరవాలేదు. డ్రమ్స్‌తో సమానంగా పెంచితే స్పీకర్ కోన్ పోతుంది.

పిక్కా వేళ్ళా అని తేల్చుకునే ముందు ఒకటి చూడండి. నాలుగో తీగను ఒకటో ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డ్ దూర్చండి. తీగ లేవకుండా ఒరుసుకుంటూ దూరితే సరే. వదులుగా ఆడితే మెడ వంగింది, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) బిగించాలి. ఒక్కసారికి పావు తిప్పుడుకు మించొద్దు. మళ్ళీ శ్రుతి చేసి చూడండి.