ఈ వారం సమస్య (చివరి పాదం మాది, పై మూడు పాదాలు మీవి): ప్రాబ్లమున్నవాఁడె భాగ్యశాలి

నిర్వాహకుడు:
నిన్న దేవరకొండ బస్సులో ఒకాయన ఫోన్లో "ప్రాబ్లం లేదు, అదే ప్రాబ్లం" అన్నాడు. అప్పటినుంచి ఈ పాదం చెవిలో జోరీగలా తిరుగుతోంది. ప్రాబ్లం అంటే బడిపిల్లలకు లెక్క, డాక్టరుకు రోగం, చదరంగం వాళ్లకు మూడెత్తుల్లో ఆట కట్టించాల్సిన పొజిషన్, మనకు సమస్య. గ్రీకు మూలంలో ఆ మాటకు ముందుకు విసిరింది అని అర్థం. మన సమస్యలోనూ ఉన్నది విసరడమనే 'అస్' ధాతువే. విసిరాను, కాచుకోండి.

పానగల్లు పంతులు:
అచ్చుతప్పు లెక్క యంటిన విద్యార్థి
కన్ని మార్కు లిచ్చె నయ్య బోర్డు;
పేపరంతలోన పెడదారి పట్టిన
ప్రాబ్లమున్నవాఁడె భాగ్యశాలి.
ప్రశ్న తప్పుగా అచ్చయితే దాన్ని ముట్టుకున్నవాడికి మార్కులు కలుపుతారు. తప్పని కనిపెట్టి వదిలేసిన తెలివైనవాడికి గుండుసున్నా.

దేవరకొండ వకీలు:
పంతులు గారూ, విరుపు బాగుంది. 'లోన' మాత్రం పాదం నిండడానికే వచ్చి కూర్చుంది. ఫ్లోరైడు నీళ్ల మీద నాది చూడండి.
నీటిలోన విషము నిలిచియున్ననె కద
నేతగారి మైకు గొంతు విప్పు
నోట్లు దండుకొనఁగ నూరూరఁ దిరిగెడి
ప్రాబ్లమున్నవాఁడె భాగ్యశాలి.

పానగల్లు పంతులు:
బ్రహ్మాండం. రెండో పాదంలో యతి, అంటే మొదటి అక్షరానికి పాదం మధ్యలో పడాల్సిన జోడీ, ఎక్కడ దాచారో కూడా చెప్పండి. 'నే'కు 'గొం' ఏ కోర్టులో చెల్లుతుంది?

దేవరకొండ వకీలు:
ప్రాసయతి సార్, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిస్తే చాలు. నేత, గొంతు. తకారం కనబడట్లేదా?

పానగల్లు పంతులు:
తనకు ముందు సున్నా ఉన్న తకారానికి అలాంటి తకారమే జోడీ. మీ 'నేత'కు సున్నా ఏది?

నిర్వాహకుడు:
"నేతగారి మైకు నిద్రలేచు" అంటే కేసు కొట్టేసినట్టే. అసలు చమత్కారం కింద ఉంది, ఎవరూ చూడలేదు. 'విప్పును', 'ఓట్లు' కలిసిన సంధిలో ఓట్లు నోట్లయ్యాయి!

దేవరకొండ వకీలు:
చూసేవాళ్లకు కనబడుతుంది. మొన్న వేసవి సమస్యలో కరెంటును 'కర్రెంటు' చేసి గురువును, అంటే బరువైన అక్షరాన్ని, లాక్కొచ్చినవారు నాకు యతి చెప్తున్నారు.

పానగల్లు పంతులు:
మా వీధిలో ఉన్నప్పుడు కర్రెంటే అంటారు. పోయినప్పుడు ఏమంటారో ఇక్కడ రాయలేను.

చండూరు సైన్సుసార్:
గొంతు సంగతి పక్కన పెట్టండి, నీళ్ల సంగతి మనది. లీటరుకు ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ప్రాబ్లం ఉండబట్టే ఊరి పేరు పుస్తకాలకెక్కింది. అది భాగ్యమో కాదో మర్రిగూడలో నడుము వంగినవాళ్లను అడగాలి. వకీలన్న పద్యానికి నా ఓటు, యతి లేకున్నా సరే.

పాలమూరు పిల్లగాడు:
పెద్దలు కొట్లాడుకుంటుండగా నాదొకటి.
కంచి వద్దు, నాకు గద్వాల చీరని
మూతి ముడుచు, నలిగి మూలఁ జేరు
నాలి యేమి యడుగ నధరాన నవ్వు, నో
ప్రాబ్లమున్నవాఁడె భాగ్యశాలి.

నిర్వాహకుడు:
ఆ 'నో' ఒక్కటి మూడో పాదం చివర కూర్చుని నా సమస్యను తలకిందులు చేసింది. శభాష్!

దేవరకొండ వకీలు:
సమస్యకు ముందు అక్షరం తగిలించడం తాతల నాటి కిటుకు. పాలమూరుకు ఇప్పుడు చేరినట్టుంది.

పాలమూరు పిల్లగాడు:
అన్నా, తెలంగాణలో కవులు లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మందిని చూపించిన సురవరం ప్రతాపరెడ్డి మావైపు మనిషే. గద్వాలను విద్వద్గద్వాల, అంటే పండితుల గద్వాల, అన్నది ఊరికేనా?

గద్వాల ఆడబిడ్డ:
తమ్ముడూ, పద్యం బాగుంది గానీ మా చీరను అలక బేరానికి పెట్టావు. నూలు ఒడలికి పట్టు అంచు, పట్టు కొంగు జోడించి నేసేది ఎంత పనో మగ్గం ముందు కూర్చుంటే తెలుస్తుంది. ఇక మా ఇంట్లో చూసింది రాస్తున్నా.
ఫోను తెరువగానె పూరింప నొకపాద
మబ్బెనేని కవికి నన్నమేల?
యింటి లొల్లి వినక యెంచు గణములనే;
ప్రాబ్లమున్నవాఁడె భాగ్యశాలి.

దేవరకొండ వకీలు:
అక్కా, ఇదీ పద్యమంటే. యతి వెతుక్కునే పని లేదు, లోన-గీన లేదు. బావగారు ఈ గుంపులో ఏ పేరుతో రాస్తారు?

గద్వాల ఆడబిడ్డ:
పొద్దున్నుంచి ఒకాయన సున్నా గురించి వాదిస్తున్నాడు కదా.

పానగల్లు పంతులు:
వస్తున్నా, వడ్డించు.