అప్‌డేట్: అవతలివాళ్లు దావా వెనక్కి తీసుకుంటే మన ఖర్చులు ఎవరిస్తారు?

ప్రహరీ గోడ గురించి మా మీద దావా వేసిన పక్కింటాయన, సాక్ష్యాల దాకా రాకుండానే వెనక్కి తీసుకుంటానన్నాడు, మరి నా లాయరు ఖర్చు సంగతేంటని అడిగాను కదా. తేలిపోయింది.

"ఆర్డర్ రాకముందే ఖర్చులు అడగండి" అన్న సలహా పనిచేసింది, చెప్పినవారికి థాంక్స్. దావా వెనక్కి తీసుకుంటున్నానని పక్కింటాయన కోర్టులో వేసిన విత్‌డ్రా మెమో మీద మా లాయరు "అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టబోతుంటే ఆపాను. దాని పక్కనే "ఖర్చులు ఇప్పించాలి" అని చేర్పించాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ (1908) ఆర్డర్ 23 రూల్ 1 ప్రకారం, మళ్లీ దావా వేసుకునే అనుమతి తీసుకోకుండా విరమించుకున్నవాళ్లు కోర్టు చెప్పిన ఖర్చులు కట్టాలి, అదే విషయం మీద ఇంకో దావా వేయలేరు. నాకు ఈ రెండోదే పెద్ద ఊరట.

డబ్బు మాత్రం మొత్తం రాలేదు. కోర్టు రూల్స్ లెక్కన వచ్చే లాయరు ఫీజే ఇప్పించారు, నేను లాయరుకి కట్టింది అంతకంటే చాలా ఎక్కువ.

పరిహారంగా ఖర్చులు ఇప్పించే, అదే కోడ్‌లోని సెక్షన్ 35ఎ మన కేసులో పనికిరాలేదు. అది తప్పుడు దావాలకు, పైగా పరిమితి 3,000 రూపాయలే. కోర్టు ఫీజు వాపసు గొడవా మనది కాదు, అది కట్టినవాళ్లది.