విమానం తన ఇంజన్లతోనే గేటు నుంచి వెనక్కి రావచ్చా?

ప్రశ్న అడిగినవారు:
మొన్నటి ప్రయాణంలో తలుపులు మూశాక కూడా, వెనక్కి నెట్టే ట్రాక్టరు రాలేదని మమ్మల్ని గేటు దగ్గరే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. నేలమీద దిగాక రివర్స్ థ్రస్టుతో, అంటే ఇంజన్ గాలిని ముందుకు మళ్లించి, వేగం తగ్గించుకునే విమానం అదే బలంతో గేటు నుంచి వెనక్కి రాకూడదా? 1980లలో అమెరికాలో డీసీ-9, ఎండీ-80, బోయింగ్ 727 విమానాలు అలాగే వచ్చేవి కాబట్టి ఆ పద్ధతిని మళ్లీ అనుమతించాలని నా అభిప్రాయం.

మొదటి సమాధానం:
ఆ విమానాల నిర్మాణం వేరు. ఇంజన్లు తోక దగ్గర, నేలకు బాగా ఎత్తులో ఉండేవి. ముందుగా విమానాన్ని కొద్దిగా ముందుకు జరిపి, నిలిచి ఉన్నందువల్ల చదునైన టైర్లను సర్దుకోనిచ్చి, ఆ తర్వాతే రివర్స్ ఇచ్చేవారు. వెనక్కి వస్తున్నప్పుడు బ్రేకు తొక్కితే ముక్కు లేచి తోక మీద కూలబడే ప్రమాదం ఉంది గనుక, ముందుకు థ్రస్ట్ ఇచ్చే ఆపాలి. పైలట్‌కు వెనుక ఏముందో కనబడదు. కింద నిలబడి సైగ చేసేవారి చేతులే ఆయనకు దారి.

నేటి ఎయిర్‌బస్ ఎ320 నియో వంటి విమానాల ఇంజన్లు రెక్కల కింద, నేలకు దగ్గరగా వేలాడుతుంటాయి. వాటి రివర్స్ బయటి ఫ్యాన్ గాలిని మాత్రమే ముందుకు మళ్లిస్తుంది. మధ్య భాగం నుంచి వచ్చే వేడి వాయువు విమానాన్ని ముందుకే నెడుతూ ఉంటుంది. పైగా ఎగసిన ఇసుక, రాళ్లు ఇంజన్‌లోకే వెళ్తాయి. ఒక్క బ్లేడు దెబ్బతిన్నా మీ ఇరవై నిమిషాలకు బదులు ఆ విమానం రోజంతా నిలిచిపోవచ్చు.

రెండవ సమాధానం:
1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా సంస్థ ‘ఫ్లైట్ 90’ విమానాన్ని మంచు మీద ట్రాక్టరు కదల్చలేకపోతే, పైలట్లు రివర్స్ వాడి చూశారు. అయినా అది కదలలేదు. తర్వాత టేకాఫ్ తీసుకుని పొటోమాక్ నదిలో కూలింది. 78 మంది మరణించారు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఆ ప్రమాదాన్ని రివర్స్ ఖాతాలో మాత్రమే వేయడం సరికాదు. ఇంజన్ యాంటీ-ఐస్ (ఇంజన్‌కు మంచు పట్టకుండా చూసే ఏర్పాటు) వేయకపోవడం, రెక్కల మీద మంచుతోనే ఎగరడం అసలు కారణాలని దర్యాప్తు తేల్చింది. అయినా నా మాట మారదు: జెట్లకు ట్రాక్టరే కావాలి.

ప్రశ్న అడిగినవారు:
జెట్ల విషయంలో ఒప్పుకుంటున్నాను. ఏటీఆర్ వంటి ప్రొపెల్లర్ విమానాల సంగతి వేరు. ప్రొపెల్లర్ రెక్కల కోణం తిప్పితే అవి గాలిని ముందుకు నెట్టగలవు. ఇక మిగిలినవాటికి, రద్దీ వేళల్లో ట్రాక్టర్లు చాలినన్ని ఉంచమని అడగడమే న్యాయం.